ఒత్తు ఎక్కడ పడింది

ఉత్తరాల గుమాస్తాకి బుర్ర తిరిగిందని ఎదురింటావిడ పాలవాడితో చెప్పిందట. తెల్లారీ తెల్లారకముందే వసారాలో కూర్చుని, కుడిచేత్తో తొడ మీద దెబ్బలు వేసుకుంటూ, "పార్లో, పర్లో, పార్లో, పర్లో" అని ఎవరినో తిడుతున్నాడట. పక్కనే కూర్చున్న మామగారు ఆపాల్సింది పోయి తాళం వేస్తున్నాడట. ఆవిడ కళ్లారా చూసిందట. పాలవాడు ఆ మాట మోసుకుంటూ నాలుగిళ్లు తిరిగేసరికి అందులోనూ నీళ్లు కలిశాయి. గుమాస్తా భార్య చెవిన పడేటప్పటికి మామా అల్లుళ్లు ఆస్తి కోసం తొడలు చరుచుకునే దాకా వచ్చింది. "మా నాన్నకున్న ఆస్తల్లా ఒక నిఘంటువు. దానికీ అట్ట ఊడిపోయింది" అని ఆవిడ పాలవాడికి చెప్పి, ఆ మాట కూడా నాలుగిళ్లకీ అందించమంది.

నిజానికి వసారాలో జరుగుతున్నది ఇటాలియన్ క్రియల సాధన.

దీని మూలం మేజోళ్ల ఫ్యాక్టరీలో ఉంది. గుమాస్తా అక్కడ పదహారేళ్లుగా ఉత్తరాలు రాస్తున్నాడు. ఆయన బల్ల మెట్ల కిందకీ బాత్రూం తలుపుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది. ఎవరు తలుపు తీసినా బల్ల మీద కాగితాలు లేచి నిలబడి మర్యాద చేసి మళ్లీ కూర్చుంటాయి. పై అంతస్తులో కిటికీ పక్కన ఇంకో బల్ల ఉంది. దాని దగ్గర కూర్చునే పెద్దాయన రిటైరై మూడు నెలలైంది. ఆ మూడు నెలలుగా గుమాస్తా ఏదో వంకన పైకెళ్లి, కిటికీ రెక్క తీసి, గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసుకుని కిందికి వస్తున్నాడు.

ఫ్యాక్టరీలో బడిపిల్లల మేజోళ్లు అల్లే పెద్ద మిషన్ ఒకటి ఉంది. పనివాళ్లు దాన్ని పెద్దమ్మ అంటారు. ముప్ఫై ఏళ్ల కిందట ఇటలీ నుంచి వచ్చింది. సూదులన్నీ గుండ్రంగా నిలబడే ఇనప గొట్టం ఒకటి దాని గుండెకాయ. దాన్ని సిలిండర్ అంటారు. అది పగిలింది, పెద్దమ్మ ఆగింది. బడులు తెరిచే రోజులు దగ్గరపడుతున్నాయి. మిషన్ తయారుచేసిన కంపెనీకి యజమానురాలు ఇంగ్లీషులో ఉత్తరం రాయించి నెలైంది, జవాబు లేదు. మిగిలింది ఒక్క ఆధారం. అప్పట్లో మిషన్ బిగించడానికి వచ్చిన ఫిట్టరు, మూత లోపల మేకుతో తన ఫోన్ నంబరు గీసి వెళ్లాడు. పెద్దమ్మ విడిభాగాలు ఇప్పటికీ ఆయన కొట్టంలో ఉంటాయని మెకానిక్ ఎక్కడో విన్నాడు. యజమానురాలు ఆ నంబరుకి ఫోన్ చేస్తే ముసలాయన గొంతు ఒకటి పలికింది. ఆయనకు ఇంగ్లీషు రాదు, ఈవిడకి ఇటాలియన్ రాదు. ఇద్దరూ కాసేపు మర్యాదగా అరుచుకుని పెట్టేశారు.

మర్నాడు ఆవిడ అల్లిక హాల్లో నిలబడి, మనలో ఇటాలియన్ వచ్చినవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. గుమాస్తా అంతకు నెల ముందు పాత కాగితాల కొట్లో తూకానికి ఒక ఇటాలియన్ వ్యాకరణం కొన్నాడు. మూడో పాఠంలో ఉన్నాడు. అందుకని ఉన్నమాటే చెప్పాడు.

"నేర్చుకుంటున్నానండీ."

చుట్టూ ఏడు మిషన్లు తిరుగుతున్నాయి. ఆ మోతలో మధ్యనున్న ఒక సున్నా, ఒక 'టు' నలిగిపోయాయి. ఆవిడకి వినబడింది "నేర్చుకున్నానండీ" అని. అయితే వచ్చే బుధవారం ఆయనకి మీరే ఫోన్ చేయండి, పని జరిగిందా, పైన కిటికీ బల్ల మీదే, జరక్కపోతే ప్యాకింగ్ గదిలో మనిషి తక్కువున్నాడు అంది. ప్యాకింగ్ గది నేలమాళిగలో ఉంటుంది. అక్కడ పగలూ లైటే, ఎప్పుడూ రబ్బరు వాసనే. గుమాస్తా ఆ సున్నానీ, ఆ 'టు'నీ తిరిగి మాటలో పెట్టడానికి నోరు తెరిచాడు. కిటికీ గుర్తొచ్చి మూసేశాడు. తరువాత జరిగినదంతా ఆ నోరు మూసుకోవడంలోనే ఉంది.

బుధవారానికి తొమ్మిది రోజులుంది. మూడో పాఠం దాటి నాలుగోదానికి వెళ్లేసరికి గుమాస్తాకి చెమటలు పట్టాయి. ఇటాలియన్ మాటలన్నీ మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి, ఇంకేముంది, మన చుట్టాలే అనుకున్నాడు. చుట్టాలే గానీ ఒక పేచీ ఉంది. 'పార్లో' అనే మాటలో మొదటి ముక్కని ఒత్తి పలికి చివర తేలిగ్గా వదిలేస్తే 'నేను మాట్లాడతాను' అని అర్థం. మొదట తేలిగ్గా పోయి చివరి ముక్క మీద బరువు వేస్తే 'అతడు మాట్లాడాడు'. నేను, అతడు అని విడిగా చెప్పనక్కర్లేదు. మనం "వస్తా" అంటే నేనే అని తెలియట్లేదూ, అలాగే. ఒత్తు అటు నుంచి ఇటు జరిగితే చాలు, మనిషీ మారిపోతాడు, కాలమూ మారిపోతుంది. రాతలో అయితే చివరి అక్షరం నెత్తిన చిన్న గీత పెడతారు. ఫోన్లో గీతలు కనపడవు కదా.

గుమాస్తా ఈ గోడు మామగారి దగ్గర వెళ్లబోసుకున్నాడు. మామగారు ముప్ఫై నాలుగేళ్లు బడిలో తెలుగు చెప్పి రిటైరైన మాస్టారు. ఛందస్సు అడిగేవాడు లేక చాలాకాలంగా దిగులుగా ఉన్నారు.

"దీనికింత కంగారెందుకు అల్లుడుగారూ. ఒత్తంటే ఏముంది, గురువూ లఘువూ. ఏ దేశం మాటైనా ముక్కలు చేసి తూకం వేస్తే కాలం దానంతటదే బయటపడుతుంది" అన్నారు.

ముక్కలు చేసే దగ్గరే మొదటి తగువు వచ్చింది. పుస్తకం 'పార్' ఒక ముక్క, 'లో' ఒక ముక్క అంటుంది. మామగారు 'పా' ఒక ముక్క, 'ర్లో' ఒక ముక్క అన్నారు. ర కింద ల ఒద్దికగా ఒదిగి కూర్చున్నాక వాటిని విడదీయడం కాపురం కూల్చినంత పాపమన్నారు. పుస్తకం రాసినవాడు దూరంగా ఉన్నాడు, మామగారు ఎదురుగా ఉన్నారు. గుమాస్తా మామగారి వైపే మొగ్గాడు.

రెండో పొరపాటు నోటుపుస్తకంలో జరిగింది. గుమాస్తా ఆ క్రియలన్నీ తెలుగు లిపిలో రాసుకున్నాడు. రేడియో, ఫోటో, కిలో అని రాసి అలవాటైన చెయ్యి, మాట చివర కురచ ఒకారం పెట్టడానికి ఒప్పుకోదు. ప్రతి మాట చివరా దీర్ఘం తీసేసింది. గుమాస్తా ఏది రాసుంటే అది చదివే మనిషి. మొదటి ముక్కని ఒకసారి సాగదీసి, ఒకసారి కురచ చేసి, తేడా చూపించాననుకున్నాడు గానీ, చివరి ముక్క మీద దెబ్బ మాత్రం రెండుసార్లూ పడుతూనే ఉంది. ఆ నోటుపుస్తకంలో 'నేను' అనేవాడు ఒక్కడూ మిగల్లేదు. అందరూ 'అతడు'లైపోయారు, అందరూ పనులు ముగించుకుని వెళ్లిపోయారు. ఈ సంగతి వసారాలో ఉన్న ఇద్దరు పండితుల్లో ఒక్కరికీ తెలియదు.

బుధవారం వచ్చింది. యజమానురాలి గదిలో ఆవిడ, స్టోర్ కీపరు, గుమాస్తా కూర్చున్నారు. గుమాస్తా చేతిలో చీటీ ఉంది. అందులో మూడు వాక్యాలు. ఒక సిలిండర్ కోసం వెతుకుతున్నాను, ఎదురు చూస్తున్నాను, ఆశ పెట్టుకున్నాను. ఫోన్లో ముసలాయన గొంతు వినబడగానే గుమాస్తా నాలుక అంగిటికి అంటుకుపోయింది. ఎలాగో పీక్కుని, "చెర్కో ఉన్ చిలింద్రో" అన్నాడు. "అస్పెత్తో" అన్నాడు. "స్పేరో" అన్నాడు. వసారాలో అలవాటైనట్టే ప్రతి మాట చివరా తొడ మీద ఒక దెబ్బ వేశాడు. భయానికి గొంతు కూడా కొంచెం వణికింది.

 అవతల ముసలాయన చాలా మెల్లగా ఏదో అడిగాడు. గుమాస్తాకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అర్థం కానప్పుడు ఉత్తరాల గుమాస్తా ఏం చేస్తాడు, పాత ఉత్తరమే మళ్లీ పంపుతాడు. ఆ మూడు వాక్యాలూ మళ్లీ చదివాడు, ఈసారి ఇంకొంచెం వణుకుతో. అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది. లైను గరగరలాడుతుండగా ముసలాయన గట్టిగా అరిచి రెండే మాటలు చెప్పి పెట్టేశాడు. గుమాస్తా విన్నది విన్నట్టు చీటీ వెనకాల రాసుకున్నాడు. 'అర్రీవో. లునెదీ.'

లునెదీ అంటే సోమవారం. ఆ మాట మూడో పాఠంలోనే ఉంది. చిక్కల్లా అర్రీవో. 'రీ' మీద బరువుంటే వస్తున్నాను. 'వో' మీద బరువుంటే వచ్చింది. ఒక్క నిమిషం ఆగండి, ఇది కాస్త వ్యాకరణంతో ముడిపడిన విషయం అని యజమానురాలికి చెప్పి, గుమాస్తా అక్కడి నుంచే ఇంటికి ఫోన్ చేశాడు. మామగారు చీటీలో ఏముందో అక్షరం అక్షరం చదివించుకున్నారు.

"ద్విత్వాక్షరం ముందున్న 'అ' గురువు. 'రీ' గురువు. 'వో' గురువు. మూడూ గురువులే. మగణం అల్లుడుగారూ, మగణం. కావ్యం మొదట్లో పడితే శుభం."

"శుభం సరే మామయ్యగారూ. బరువెక్కడుందో చెప్పండి."

"మూడు చోట్లా ఉంది. ముగ్గురు గురువులున్న చోట పెత్తనం ఎవరిది, అందరికంటే చివర వచ్చి కూర్చున్నవాడిది."

పెత్తనం 'వో'దైతే భూతకాలం. గుమాస్తా ఫోన్ పెట్టి, గొంతు సవరించుకుని, సిలిండర్ సోమవారమే వచ్చిందట మేడమ్ అని చెప్పాడు. నెల కిందటి ఇంగ్లీషు ఉత్తరం చేరే ఉంటుందనీ, ముసలాయన అప్పుడే పంపించి ఉంటాడనీ యజమానురాలు మిగతాది తనే పూరించుకుంది. ఆవిడ మొహం విప్పారింది. రేపట్నుంచి కిటికీ బల్ల దగ్గరే కూర్చోండి అంది. వచ్చిన సిలిండర్ ఎక్కడుందని స్టోర్ కీపరుని అడిగింది. నా దాకా రాలేదు, వస్తే గేటు దాటే రావాలి అన్నాడతను. ముగ్గురి చూపూ ఒక్కసారి గేటు వైపు తిరిగింది.

గేటు దగ్గర ఇరవై రెండేళ్లుగా ఉన్న మనిషిని అందరూ గేటు తాత అంటారు. మంచివాడు గానీ ఒక గుణముంది. అడిగినదానికే జవాబు చెబుతాడు, అడగనిది ఒక్క ముక్క చెప్పడు. సిలిండర్ ఎక్కడ పెట్టావని స్టోర్ కీపరు అడిగాడు. క్యాంటీన్ వెనకాల పెట్టించానన్నాడు తాత. ఎప్పుడొచ్చిందంటే సోమవారమన్నాడు. స్టోర్ కీపరు ఆనందంగా మెకానిక్కునీ, ఇద్దరు మనుషుల్నీ, తోపుడు బండినీ వెంటబెట్టుకుని క్యాంటీన్ వెనక్కి పరిగెత్తాడు. అక్కడ గ్యాస్ సిలిండర్ ఎర్రగా నిలబడి ఉంది. తోపుడు బండి ఖాళీగా వెనక్కి వచ్చేటప్పుడు మేజోళ్లు మడతపెట్టే ఆడవాళ్లందరూ కిటికీల్లోంచి చూశారు. స్టోర్ కీపరుకి ఆ నవ్వులు లోపల గుచ్చుకున్నాయి. తాత తనను కావాలనే తిప్పాడనుకున్నాడు.

ఈసారి యజమానురాలి ముందు విచారణ జరిగింది.

"గ్యాస్ సంగతి కాదు. ఇటలీ సిలిండర్ ఎక్కడ పెట్టావు?" అన్నాడు స్టోర్ కీపరు.

"దాన్ని నేనెక్కడా పెట్టలేదండీ."

"అంటే నీకు తెలియకుండా పోయిందంటావా?"

"నాకు తెలియకుండా ఈ గేట్లోంచి ఏదీ పోదండీ."

అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఇంతకంటే ఒప్పుకోలు ఏముంటుంది అన్నట్టు స్టోర్ కీపరు చేతులు విప్పాడు. గేటు పుస్తకం తెప్పించారు. సోమవారం కింద గ్యాస్ సిలిండర్ ఒక్కటే రాసి ఉంది. రెండోది రాయలేదంటే కావాలనే రాయలేదని తేల్చారు. సాయంత్రానికి తాత దాన్ని పాత ఇనుముకి అమ్మేశాడని అల్లిక హాల్లో అన్నారు. మర్నాటికి, ఆ డబ్బుతోనే కొత్త గొడుగు కొన్నాడన్నారు. గొడుగు కొత్తదేనన్న మాట నిజం. పాతది గాలికి తిరగబడి మూడు ఊచలు విరిగాయన్న మాట కూడా నిజమే గానీ, విరిగిన గొడుగుని సాక్ష్యానికి దాచుకోవాలని తాతకి తోచలేదు.

యజమానురాలు చెడ్డమనిషి కాదు. శుక్రవారం తాతని పిలిచి, ఇరవై రెండేళ్లు చూసి పోలీసుల దాకా వెళ్లడం లేదంది. సోమవారం సాయంత్రం లోపల సిలిండర్ తెచ్చి పెట్టమంది, లేకపోతే ఈలా కర్రా అప్పగించి వెళ్లమంది. తాత సరేనండీ అన్నాడు. అడిగింది అంతవరకే.

గురువారం నుంచి గుమాస్తా కిటికీ బల్ల దగ్గర ఉన్నాడు. మూడు నెలలు గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకున్నవాడు, కిటికీలోంచి ఏం కనపడుతుందో చూసుకోలేదు. సూటిగా గేటు కనపడుతుంది. గేటు పక్క స్టూలు మీద తాత కనపడతాడు. శుక్రవారం మధ్యాహ్నం తాత గేటు గదిలోంచి తన సామాన్లు ఒక్కొక్కటే తెచ్చి సంచిలో సర్దుకోవడం కనపడింది. టీ గ్లాసు, అద్దం, దువ్వెన, ఇంకో చొక్కా. గుమాస్తా కుర్చీ అటు తిప్పుకుని కూర్చుందామని చూశాడు. అలా కూర్చుంటే గాలి రాదు.

ఆదివారం భోజనాల వేళ భార్య తినడానికి రమ్మని లోపల్నుంచి కేకేసింది. "వచ్చేశా" అని గుమాస్తా వసారాలో కుర్చీలోంచే అరిచాడు. రెండోసారి పిలిచింది. "వచ్చేశా" అన్నాడు. మూడోసారి ఆవిడే బయటికి వచ్చింది. ఆవిడ ఆసుపత్రిలో ఫోన్ బల్ల దగ్గర పనిచేస్తుంది. రోజుకి రెండు వందల గొంతులు వింటుంది కాబట్టి ఎవరి మాట ఎంతవరకు నమ్మాలో తెలుసు.

"పిలిచిన మూడుసార్లూ వచ్చేశా అన్నారు, కుర్చీ మాత్రం వదల్లేదు. మీ ఇటలీ ముసలాయన కూడా ఇలాగే వచ్చేశానన్నాడేమో, ఇంకా అక్కడే కూర్చున్నాడేమో" అంది.

గుమాస్తా నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన అసలెలా అన్నాడో అన్నట్టే అనండి అంది భార్య. గుమాస్తా కళ్లు మూసుకుని, ఆ గరగరల్లో విన్నదాన్ని విన్నట్టే అనుకరించాడు. "అర్-రీ-వొ."

"అరిచింది 'రీ' దగ్గర కదా. చివర గాలికి వదిలేశాడు. మీరు చీటీలో కూడా 'రీ'కి అంత గుడి దీర్ఘం ఇచ్చి, చివర చేతి అలవాటు కొద్దీ ఓత్వం కొట్టి ఉంటారు."

చీటీ తీసి చూశారు. మాట నిజమే. సాక్ష్యం ఐదు రోజులుగా గుమాస్తా జేబులోనే ఉంది. వస్తున్నాను, సోమవారం. సిలిండర్ రానే లేదు. రానిదాన్ని ఎక్కడ పెట్టావని ఊరంతా కలిసి ఒక ముసలివాణ్ణి అడుగుతున్నారు. గుమాస్తా మామగారి వైపు చూశాడు. మామగారు నుదుటి మీద ఉన్న కళ్లజోడు కోసం ఒళ్లో వెతుక్కున్నారు. మగణం మాత్రం మగణమే కదా అన్నారు, మెల్లగా. 

"రేపు ముందు గేటు దగ్గర ఆగండి. తర్వాతే ఆఫీసు" అంది భార్య. అని లోపలికి వెళ్లింది. గుమాస్తా ఈసారి వచ్చేశా అనకుండా వెనకాలే వెళ్లాడు.

సోమవారం గుమాస్తా గంట ముందే బయల్దేరాడు. గేటు కనపడే దాకా వచ్చి, మాటలు సరిచూసుకుందామని ఫ్యాక్టరీ గోడ చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. మొదటి చుట్టులో తయారైన ఒప్పుకోలులో తప్పంతా టెలిఫోన్ లైనుది. రెండో చుట్టులో పుస్తకం రాసినవాడిది. మూడో చుట్టులో మామగారిది. నాలుగో చుట్టుకి ఇటలీ దేశం మొత్తం దోషిగా నిలబడింది, గుమాస్తా మాత్రం ఇంకా సాక్షిగానే ఉన్నాడు. ఇంత చిన్న మాటలో ఒత్తు తన మీద పడకుండా ఎన్ని చోట్లకు జరపగలడో చూసుకుని ఆయనకే సిగ్గేసింది. ఐదో చుట్టులో 'తప్పు నాది' అనే రెండు మాటలు దొరికాయి. వాటిని పట్టుకుని గేటు దగ్గరికి వచ్చేసరికి అక్కడ జనం మూగి ఉన్నారు.

గేటు తాత దొంగని పట్టుకున్నాడు.

తొమ్మిదింటికి టాక్సీలోంచి ఒక పెద్దాయన దిగాడట. నల్ల కోటు, నల్ల టై, చేతిలో బరువైన సంచి. సంచి తెరిచి చూపించమని తాత సైగ చేశాడు. అందులో తువ్వాలు, తువ్వాల్లో మోచెయ్యంత పొడవు ఇనప గొట్టం, చుట్టూ సన్నటి గాడులు. నాలుగు రోజులుగా అందరూ తాతకి చెప్పిన గుర్తులు సరిగ్గా అవే. తాత ఆయన్ని గేటు గదిలో కూర్చోబెట్టి, గొళ్లెం పెట్టి, యజమానురాలికి కబురు పంపాడు. దొంగైనా వయసులో పెద్దవాడని కిటికీలోంచి టీ అందించాడు.

యజమానురాలు వచ్చి గొళ్లెం తీయించింది. ముప్ఫై ఏళ్ల కిందట తన తండ్రితో కలిసి పెద్దమ్మ పక్కన ఫోటో దిగిన ఫిట్టర్ని పోల్చుకుంది.  ఆవిడ నోట మొదట వచ్చిన మాట గుమాస్తా గురించే. మేము సామాను అడిగితే మీరు మనిషినే రప్పించారు గుమాస్తాగారూ, భాష వచ్చినవాడంటే అలా ఉండాలి అని పదిమంది ముందు అంది. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. గుమాస్తా దగ్గరున్న రెండు మాటలూ గొంతులోకి వచ్చి అక్కడ ఆగాయి. పైన కిటికీ తెరిచే ఉంది. బల్ల మీద కాగితాలు కదులుతున్నాయి.

అప్పుడు స్టోర్ కీపరు అడిగాడు. "ఇది ఆయన ఇవాళ తెచ్చింది మేడమ్. మరి పోయిన సోమవారం వచ్చిన సిలిండర్ ఏమైనట్టు? అదింకా దొరకలేదు కదా."

అదీ నిజమే అంది యజమానురాలు, ఇబ్బందిగా. అందరూ తాత వైపు చూశారు. దొంగని పట్టుకున్నానన్న వెలుగు తాత మొహంలోంచి మెల్లగా దిగిపోయింది. మెడలోంచి ఈల తాడు తీసి, చేతికి చుట్టుకుని, యజమానురాలికి అందించడానికి చెయ్యి చాపాడు. సంచి శుక్రవారం నుంచీ సర్దే ఉంది.

"రెండోది లేదండీ" అన్నాడు గుమాస్తా.

ఏ రెండోదని అడిగింది యజమానురాలు.

"పోయిన సోమవారం ఏ సిలిండరూ రాలేదు. వచ్చిందని ఆయన అనలేదు. ఈ సోమవారం వస్తున్నానన్నాడు. నేను ఒత్తు తప్పు చోట విన్నాను. నాకు ఇటాలియన్ రాదండీ, ఆ రోజు నేర్చుకుంటున్నా అన్నాను, మీకు నేర్చుకున్నా అని వినబడితే ఊరుకున్నాను. తప్పు నాది."

ఇంత పొడుగు మాట గుమాస్తా ఆ ఫ్యాక్టరీలో నోటితో చెప్పడం అదే మొదలు. మిగతావన్నీ ఉత్తరాల్లో రాసినవే.  అప్పుడు ఇటలీ పెద్దాయన లేచి, టోపీ తీసి గుండెకి ఆనించుకుని, గుమాస్తాని అడిగాడు.

"కీ? కీ అస్పెత్తో?"

చివరి ముక్క మీద బరువు స్పష్టంగా పడింది. ఎవరు? ఎదురుచూసింది ఎవరు? గుమాస్తా ఆ నల్ల టై వైపు చూశాడు. ఫోన్లో తను ఏం చదివాడో అప్పుడు మొదటిసారి అర్థమైంది. 'అతడు ఒక సిలిండర్ కోసం వెతికాడు. అతడు ఎదురుచూశాడు. అతడు ఆశ పెట్టుకున్నాడు.' వణికే గొంతుతో, రెండుసార్లు. తన సిలిండర్ కోసం ఎదురుచూసి చూసి ఇక్కడ ఎవరో పోయారని ఆ ముసలాయన పరామర్శకి వచ్చాడు.

గుమాస్తా తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. ఇయో అన్నాడు. అంటే నేను. తరువాత తొడ మీద దెబ్బ వేయకుండా, మధ్యలో ఒత్తి, చివర ఈకని వదిలినట్టు వదులుతూ "అస్-పెత్-తొ" అన్నాడు. పదిహేను రోజుల్లో ఆయన సరిగ్గా పలికిన మొదటి క్రియ అదే. పెద్దాయన ఆయన్ని తల నుంచి కాళ్ల దాకా చూశాడు. బతికే ఉన్నాడని రూఢి చేసుకుని టై విప్పి జేబులో పెట్టుకున్నాడు. అంత దూరం వచ్చినందుకు కొంచెం నిరాశపడినట్టే ఉంది.

యజమానురాలు విషయమంతా మళ్లీ ఒకసారి చెప్పించుకుంది. నవ్వొచ్చింది గానీ, తాత చేతిలో ఈల తాడు చూసి ఆపుకుంది. పెద్దాయన్ని పెద్దమ్మ దగ్గరికి తీసుకెళ్లమని మెకానిక్కుకి చెప్పి, గుమాస్తా వైపు తిరిగింది.

"రేపట్నుంచి ప్యాకింగ్ గదికి వెళ్లండి. సాక్సులకి కుడీ ఎడమా ఉండవు. మీరు అటూ ఇటూ మార్చేదేమీ అక్కడ లేదు" అంది.

గుమాస్తా తల ఊపాడు. ఇంతకంటే న్యాయంగా తన పని తనకి ఎవరూ అప్పగించలేదనిపించింది. ఆవిడ తాత దగ్గరికి వెళ్లింది. ఆ ఈల తాడు తనే తీసుకుని మళ్లీ అతని మెడలో వేసింది. స్టోర్ కీపరు గొడుగు వైపు చూస్తున్నాడు.

"నువ్వైనా బుధవారమే చెప్పొచ్చు కదా తాతా, అది రాలేదని" అంది.

తాత ఈల సర్దుకున్నాడు.

"ఎక్కడ పెట్టావనే అడిగారమ్మా అందరూ. వచ్చిందా అని ఒక్కరూ అడగలేదు."